పాఠకుల ప్రశ్నలు: మొదటి ఆల్బమ్‌కి 14 ఏళ్ళా?

ప్ర: అక్రాసికౌడా అనే ఇరాక్ మెటల్ (గిటార్లు, డ్రమ్స్ హోరెత్తే గట్టి రాక్ సంగీతం) బ్యాండ్ 2001లో మొదలైతే మొదటి ఫుల్ ఆల్బమ్ 2015లో వచ్చిందని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా అండీ? అన్నేళ్ళు ఏం చేశారు, పాటలు కుదరకా? (ఒక పాఠకుడు, వరంగల్)

జ: నిజమేనండీ. కానీ పాటలు కుదరక మాత్రం కాదు, బాగ్దాద్‌లో ఉన్నప్పుడే వాళ్ళ దగ్గర సొంత పాటలున్నాయి. మెటల్ ఆల్బమ్ అంటే డ్రమ్స్ గట్టిగా కొట్టినా ఎవరూ వచ్చి తలుపు బాదని గది కావాలి, ఆంప్‌లకి (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలు) ఆగకుండా కరెంటు ఉండాలి, అందరూ ఒకే ఊళ్ళో ఉండాలి, ఇవన్నీ ఒకేసారి వాళ్ళకి దొరకడానికే అన్నేళ్ళు పట్టింది.

సద్దాం టైమ్‌లో స్టేజీ ఎక్కాలంటే ఆయన్ని పొగిడే పాట ఒకటి ఉండాల్సిందే, వీళ్ళూ ఒకటి రాసి పాడారు. దానికి వాళ్ళని తప్పుపట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, గిటార్ వాయించుకోవాలంటే అదొక్కటే దారి. 2003లో యుద్ధం వచ్చాక అయితే ఇంకా ఘోరం, సైతాన్ని పూజిస్తున్నారని, అమెరికా వాళ్ళని అనుకరిస్తున్నారని చంపేస్తామంటూ బెదిరింపులు, జుట్టు పెంచుకోవడానికి కూడా భయమే.

2005లో బాగ్దాద్‌లోని అల్ ఫనార్ హోటల్‌లో వాళ్ళు చేసిన షో గురించి చెప్పాలి. వీళ్ళ మీద తీసిన 'హెవీ మెటల్ ఇన్ బాగ్దాద్' అనే డాక్యుమెంటరీలో ఉంటుంది. వచ్చినవాళ్ళంతా కుర్రాళ్ళే, మధ్యలో కరెంటు పోతుంది, మళ్ళీ వస్తే మళ్ళీ అందుకుంటారు, కింద కుర్రాళ్ళు మాత్రం తలలు ఊపుతూనే ఉంటారు. నేను చూసిన కాన్సర్ట్ వీడియోల్లో నా మనసు పట్టేసింది ఇదేనండీ, పెద్ద పెద్ద స్టేడియం షోలు కూడా దీని ముందు నిలబడవు నాకు.

తర్వాత ప్రాక్టీస్ చేసుకునే చోటు బాంబు దాడిలో పోయింది, సామానంతా దాంతోపాటే. ఇక ఉండలేక సిరియా వెళ్ళారు, డమాస్కస్‌లో ఎలాగోలా మూడు పాటల డెమో రికార్డ్ చేశారు, ఆ తర్వాత తిండికి, అద్దెకి డబ్బుల్లేక గిటార్లు అమ్ముకున్నారు! మెటల్ వాయించేవాడు గిటార్ అమ్ముకోవడమంటే ఎంత కష్టంగా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. అక్కణ్ణుంచి టర్కీ, అక్కణ్ణుంచి శరణార్థులుగా అమెరికా.

2009 ఫిబ్రవరిలో న్యూజెర్సీలో మెటాలికా అనే పెద్ద మెటల్ బ్యాండ్ షోకి వెళ్తే, దాని గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ వీళ్ళని కలిసి, 'వెల్‌కమ్ టు అమెరికా' అని తన చేత్తో రాసి ఒక గిటార్ ఇచ్చాడు. బాగ్దాద్‌లో ఉండగా వీళ్ళు ప్రాణం పెట్టి విన్న బ్యాండ్ అది. 2010లో టెస్టమెంట్ అనే అమెరికా మెటల్ బ్యాండ్ గిటారిస్ట్ అలెక్స్ స్కోల్నిక్ ప్రొడ్యూస్ చేయగా నాలుగు పాటల ఈపీ (ఫుల్ ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) వచ్చింది, ఫుల్ ఆల్బమ్‌కి మాత్రం ఇంకో ఐదేళ్ళు పట్టింది, అదీ ఫ్యాన్స్ దగ్గర చందాలు పోగుచేసుకుని.

ప్ర: ఆల్బమ్ పేరు 'గిల్గమేష్' అట, అదేం కథ? కొత్తవాళ్ళం ముందు ఏది వినాలి? (అదే పాఠకుడు)

జ: వేల ఏళ్ళ కిందటి మెసొపొటేమియా కథండీ, అంటే వాళ్ళ సొంత నేల కథే. ఉరుక్ రాజు గిల్గమేష్, ప్రాణస్నేహితుడు ఎంకిడు చనిపోతే తట్టుకోలేక చావులేని మార్గం వెతుక్కుంటూ దేశాలు పట్టుకు తిరుగుతాడు. అన్నీ పోగొట్టుకుని ఊళ్ళు మారినవాళ్ళు ఈ కథే ఎందుకు ఎంచుకున్నారో నాకు వేరే చెప్పక్కర్లేదనిపించింది.

ముందు ఈపీలోని 'మెసేజ్ ఫ్రమ్ బాగ్దాద్' వినండి, అది నచ్చితే ఆల్బమ్ మొదటి పాట నుంచి వరసగా వినండి, ఒకే కథ కాబట్టి షఫుల్‌లో మాత్రం పెట్టకండి.