ఫోన్‌లో టెక్స్ట్ ఫైళ్లు చదవడం: యాప్ కంటే ముందు ఫైలును చూడండి

కంప్యూటరులో రాసుకున్న నోట్స్‌ను టెక్స్ట్ ఫైళ్లుగా ఫోన్‌లోకి తెచ్చుకుంటే కొన్నిటిలో తెలుగు అక్షరాలు చెదిరిపోతున్నాయని, కొన్నిటిలో వాక్యాలు మధ్యలోనే తెగి కింది వరుసలోకి పోతున్నాయని, వీటికి మంచి యాప్ ఏదని మీరు అడిగారు. నా నోట్స్ చాలా ఏళ్లుగా టెక్స్ట్ ఫైళ్లలోనే ఉన్నాయి, వాటిని ఎక్కువగా చదువుకునేది ఫోన్‌లోనే కాబట్టి ఈ రెండు ఇబ్బందులూ నాకు బాగా పరిచయం. టెక్స్ట్ ఫైలులో అక్షరాల సంకేతాలు తప్ప మరేమీ ఉండదు. దానిని ఏ ఎన్‌కోడింగ్‌లో (అంటే అక్షరాలను బైట్లుగా దాచే ఏ పద్ధతిలో) రాశారో, ఏ ఫాంటులో చూపాలో, వరుస ఎంత వెడల్పు ఉండాలో సాధారణంగా ఫైలు చెప్పదు, తెరిచే యాప్ ఊహించుకోవలసిందే.

అందుకని ముందుగా ఆ చెదిరిన అక్షరాలు ఎలా కనిపిస్తున్నాయో గమనించండి, ఎందుకంటే ఆ ఫైలు దక్కుతుందో లేదో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. వాటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండవది రెండింటిలో ఏదో ఒకటి. కాబట్టి యాప్ ఆ ఫైలును పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్ అనుకొని చదివినప్పుడు, నెత్తిన చిన్న ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిషు 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆపైన ఇంకేదో ఒక గుర్తు, మళ్లీ అదే 'ఏ', ఇలా పేజీ పొడుగునా అవే పదేపదే కనిపిస్తాయి. ఇది కనిపిస్తే ఫైలు క్షేమంగా ఉన్నట్టే. యాప్ సెట్టింగుల్లో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కు మారిస్తే తెలుగు తిరిగి వస్తుంది, కాకపోతే అప్పటిదాకా ఆ ఫైలును సేవ్ మాత్రం చేయకండి.

అక్షరాల చోట వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే సంగతి వేరు. 2019కి ముందటి విండోస్ నోట్‌ప్యాడ్ కొత్త ఫైలును మామూలుగా ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసేది, అందులో తెలుగుకు చోటు లేదు. అది చూపిన హెచ్చరికను దాటవేసి సేవ్ చేసి ఉంటే, తెలుగు అక్షరాల స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకాలు రాసి ఉంటాయి, వాటిని ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు. ఇక యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పట్టిక) కాని పాత డీటీపీ ఫాంట్లలో, అంటే అచ్చు పనికి వాడిన ఫాంట్లలో, టైపు చేసినవైతే అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలుగా కనిపిస్తాయి. వాటికి ఆ ఫాంటుకు తగిన కన్వర్టర్ వెతుక్కోవాలి.

వాక్యాలు తెగిపోవడానికి కారణం పాత అలవాటు. 80 అక్షరాల వెడల్పున్న తెరల కాలం నుంచి చాలామంది 70, 80 అక్షరాలకొకసారి ఎంటర్ కొడుతూ రాశారు, పాత ఈమెయిళ్లు, సాఫ్ట్‌వేరు వివరణ పత్రాలు ఎక్కువగా అలాగే ఉంటాయి. ఫోన్ తెర మీద అంత పొడుగు వరుస పట్టదు కనుక అది ఒకసారి తెర అంచున, మరొకసారి ఎంటర్ ఉన్న చోట విరుగుతుంది, ఫలితంగా ఒక నిండు వరుస కింద రెండు మాటల పొట్టి వరుస వస్తుంది. ఫాంటు సైజు తగ్గించి కళ్లను శ్రమపెట్టడం కంటే, కంప్యూటరులోనే పేరాకు ఒక్క ఎంటర్ మిగిలేలా వరుసలను కలిపేసి ఫోన్‌కు పంపుకోవడం మేలు. కవితలు, జాబితాలు ఉన్న ఫైళ్లలో మాత్రం ఈ పని చూసి చేయండి.

యాప్ విషయానికొస్తే, రాసే యాప్ వేరు, చదివే యాప్ వేరు అన్నది నా అభిప్రాయం. చిన్న నోట్స్ చదువుతూ దిద్దుకోవడానికి ఆండ్రాయిడ్‌లో మార్కోర్ అనే ఎడిటర్ నాకు సరిపోతుంది. పుస్తకమంత ఫైలును అలాంటి ఎడిటర్‌లో తెరిస్తే బరువెక్కుతుంది, పైగా వేలు పొరపాటున తగిలితే ఒక అక్షరం ఎగిరిపోతుంది. పెద్ద ఫైళ్లకు లిబ్రెరా వంటి పుస్తకాల యాప్ మంచిది. చదివిన చోటు గుర్తుపెట్టుకుంటుంది, వరుసల మధ్య ఖాళీ పెంచుకోవచ్చు, ఒత్తులు ఒకదానికొకటి తగలకుండా కనిపించడానికి తెలుగుకు ఆ ఖాళీ అవసరం.

స్పేసులు కొట్టి నిలువు వరుసలుగా పేర్చిన పట్టికలు మాత్రం ఫోన్‌లో సరిగ్గా నిలబడవు. ఇంగ్లిషువైతే సమాన వెడల్పు ఫాంటు పెట్టి, ఫోన్‌ను అడ్డంగా తిప్పి చదవవచ్చు గానీ, తెలుగు అక్షరాల వెడల్పులు ఒకటి కావు కనుక ఆ ఉపాయం కూడా పనిచేయదు. అందుకే అటువంటి పట్టికలను నేను ఒక్కో అంశానికి ఒక్కో వరుస చొప్పున విడదీసి రాసుకుంటున్నాను.