కంపెనీ కాదు, ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి

గుర్రప్పందేల ఎక్స్ఛేంజ్‌లో, అంటే మనుషులు ఒకరికొకరు ఎదురు కాసుకునే చోట, పెట్టిన పందెంలో కొంతకే ఎదురు కాసేవాడు దొరికితే (దీన్నే మ్యాచ్ అవడం అంటారు) మిగతా డబ్బు కంపెనీ తినేస్తుందా అని అడిగారు. తినదు. దానికి ఎదురు కాసే మనిషి దొరకలేదు, అంతే.

ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్ రేస్‌కోర్సులో ఒక హర్డిల్ రేసుకి, అంటే గుర్రాలు అడ్డంకులు దూకే పందేనికి, నాకు అచ్చం ఇలాగే జరిగింది. నాకు నచ్చిన గుర్రానికి అప్పుడు దొరుకుతున్న రేటు 5.8, అంటే గెలిస్తే పౌండుకి అసలుతో కలిపి 5.8 పౌండ్లు. నేను 6.0 కావాలని 50 పౌండ్లు పెట్టి కూర్చున్నాను. అలా పెట్టగానే ఆ డబ్బు గులాబీ రంగు గడిలో, అంటే ఆ గుర్రం గెలవదని ఎదురు కాసేవాళ్లు (వీళ్లనే లే చేసేవాళ్లు అంటారు) చూసే వైపు చేరుతుంది. అక్కడ నాకన్నా ముందే 6.0 అడిగినవాళ్ల డబ్బు కుప్పగా ఉంది, ఒకే రేటు దగ్గర ముందు అడిగినవాళ్లకే ముందు. గుర్రాలు స్టార్ట్ దగ్గర తిరుగుతుండగా లే చేసేవాళ్లు వచ్చారు, క్యూ కరుగుతూ వచ్చింది, నావి 18 పౌండ్లు మ్యాచ్ అయ్యాయి. గుర్రం గెలిస్తే నాకివ్వాల్సిన 90 పౌండ్లు అవతలివాళ్ల ఖాతాలో అప్పుడే లాక్ అయిపోయాయి. ఇంతలో రేసు మొదలైంది, మిగిలిన 32 రద్దయి నా ఖాతాకి తిరిగొచ్చేశాయి.

గుర్రం గెలిచింది! పక్కనున్న స్నేహితుడు "ఆ 32కి రావాల్సిన నీ 160 పౌండ్లు కంపెనీ కొట్టేసింది" అని ఒకటే గొడవ. ఆ 160 ఎవరి జేబులోంచి రావాలి? ఎదురు కాసినవాడే లేడు కదా! కంపెనీకి ఏ గుర్రం గెలిచినా ఒకటే, గెలిచినవాళ్ల లాభంలో కమిషన్ వస్తే చాలు. 2000లో బెట్‌ఫెయిర్ అనే ఎక్స్ఛేంజ్ కంపెనీ ఇలా మొదలుపెట్టాకే మామూలు మనిషి కూడా బుకీలా ఎదుటి పక్షం తీసుకోగలిగాడు, నా లెక్కలో రేసింగ్‌కి ఇంతకన్నా మంచి మార్పు రాలేదు. మామూలు బుకీలు తరచూ గెలిచేవాళ్ల పందెం పరిమితి కోసేస్తారు, అది నాకు అస్సలు నచ్చదు.

నన్ను నిజంగా మండించేది రేసు నడుస్తుండగా కాసే పందేలు. మన టీవీలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది, ట్రాక్ దగ్గరున్నవాడు ముందే చూసేస్తాడు. అప్పుడు మీ పందెం చిటికెలో మ్యాచ్ అయిందంటే గుర్రం అప్పటికే తడబడి ఉంటుంది, అటువైపు వెళ్లకండి.

మిగతా డబ్బు కూడా తప్పక కాయాలనుకుంటే స్టార్ట్‌లో ఎస్పీ (స్టార్టింగ్ ప్రైస్, రేసు మొదలయ్యేటప్పుడు తేలే రేటు) తీసుకునే ఆప్షన్ ముందే పెట్టుకోండి. అప్పుడు 6.0 దక్కుతుందన్న గ్యారంటీ ఉండదు, ఎంత తేలితే అంతే.