బెంగళూరులో చదువుతున్న కొడుకు మాటలు తగ్గించేశాడు

ప్రశ్న: మాది హిందూపురం. మా అబ్బాయి బెంగళూరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతూ బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటున్నాడు. నాలుగు సబ్జెక్టులు పోయాయని సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పాడు. అప్పటి నుంచి ఫోన్ సరిగా ఎత్తడం లేదు. మొన్న ఎత్తి, “నేను ఉండి మీకేం ఉపయోగమమ్మా” అన్నాడు. డాక్టరుకు చూపిస్తే కాలేజీకి తెలిసిపోయి రేపు ఉద్యోగానికి అడ్డొస్తుందని వాళ్ల నాన్న భయపడుతున్నారు. మేమేం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, పత్రికలో జవాబు వచ్చేసరికి రోజులు గడుస్తాయి కనుక మీకు విడిగా కూడా ఉత్తరం రాశాను. అందులో మొదట రాసిన మాటే ఇక్కడా రాస్తున్నాను: వెంటనే బయల్దేరి అబ్బాయి దగ్గరకు వెళ్లండి. మీరు చేరేదాకా రూమ్మేటునో, ఆ ఊళ్లో ఉన్న నమ్మకమైన బంధువునో తోడుగా ఉండమని అడగండి. అతని మాట చదువు మీది విసుగు మాత్రమే కాకపోవచ్చు.

వెళ్లాక మార్కుల సంగతి ఎత్తకండి. పక్కన కూర్చుని, “చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా నాన్నా” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది తల్లిదండ్రులు వెనకాడతారు గానీ అది నిజం కాదు; లోపల కుములుతున్న పిల్లలకు ఆ ప్రశ్నతో మాట్లాడే వీలు దొరుకుతుంది. అవునంటే కేకలు వేయకండి, ఒట్లు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో మానసిక అత్యవసర సేవలు రాత్రీ పగలూ ఉంటాయి, నేరుగా తీసుకువెళ్లవచ్చు. ప్రాణాపాయం కనిపిస్తే 112కు ఫోన్ చేయండి.

అంత తీవ్రత లేదని అనిపించినా, ప్రయాణానికి ముందే మీరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఖర్చు ఉండదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. కన్నడం రాని మన పిల్లలు తమ బాధను తమ భాషలో చెప్పుకోవడానికి ఇది మంచి దారి. బాధపడుతున్నవారే చేయాలని లేదు. అబ్బాయితో ఎలా మాట్లాడాలో తెలియని తల్లి కూడా అడగవచ్చు.

ఇక మీవారి భయం గురించి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్స పొందుతున్న వ్యక్తి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. ప్రాణాపాయాన్ని తప్పించడం వంటి కొద్ది సందర్భాల్లో తప్ప వాటిని బయటపెట్టకూడదు. నిమ్హాన్స్‌లో చూపించుకున్నందువల్ల డిగ్రీ సర్టిఫికెట్ మీద ఆ సంగతి రాయరు. ఉద్యోగం కోసం ఇప్పుడు వైద్యాన్ని వాయిదా వేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు, ఈ మాట ఆయనకు చదివి వినిపించండి.

కాలేజీ సాయం కూడా అడగండి. విశాఖపట్నంలో చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వంద మంది లేదా అంతకన్నా ఎక్కువమంది విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత గల కౌన్సిలర్‌ను కనీసం ఒకరినైనా నియమించాలి. టెలీ మానస్ వంటి నంబర్లు తరగతులు, హాస్టళ్లలో అందరికీ కనిపించేలా పెట్టాలి. కౌన్సిలర్ ఎవరని అబ్బాయి అనుమతితోనే ఆఫీసులో అడగండి. ర్యాగింగ్ జాడ ఏమైనా ఉంటే యూజీసీ నంబరు 1800 180 5522కు చెప్పవచ్చు.

పోయిన నాలుగు సబ్జెక్టులనూ ఒకేసారి రాయాలన్న పట్టుదల వదిలేయండి. ఎన్ని రాయాలో, ఎప్పుడు రాయాలో కాలేజీ నియమాలు కనుక్కుని, అతని మనసు కుదుటపడ్డాక అతన్నే నిర్ణయించనివ్వండి. మొదటిసారి డాక్టరును కలిసి తిరిగి వచ్చేయకండి, వీలైతే రెండోసారి చూపించేదాకా మీరు అక్కడే ఉండండి.