ముందు ఆంబోతు సంగతి చూడండి

ఆవు ఎదకు (జత కోరే దశకు) వచ్చే రోజులను బట్టి, ఆంబోతు దాటినప్పుడు (జతకట్టినప్పుడు) అంటుకునే ట్రైట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి పెరుగుతుందా, తగ్గుతుందా అని అడిగారు. రెండూ జరుగుతాయి. నేను పశువైద్యుణ్ణి కాను. ఏడాది పాడి పోగొట్టుకుని తెలుసుకున్న సంగతి కాబట్టి చెబుతున్నాను.

మాది మద్దిపాడు వైపు పల్లె. ఒక ఈత ఈనిన ఒంగోలు ఆవు ఉండేది. ఎదకు రాగానే రామాలయానికి వదిలిన ఆంబోతుతో దాటించాం. చూడి కట్టకపోతే ఎద తిరిగి రావాల్సిన 21 రోజులకు మళ్లీ రాలేదు, 42 రోజులకూ రాలేదు. చూడి నిలిచిందని నాన్న ఇంకో తవుడు బస్తా తెచ్చారు. 66వ రోజు తెల్లవారకముందే ఆవు పలుపు తెంపుకుని ఒకటే అరుపు, తోక కింద జిగురు తీగలు.

మేతలో లోపమని తాతయ్య, దిష్టి తగిలిందని పక్కింటి పెద్దమ్మ. బేరగాడైతే సాయంత్రానికల్లా ధర కూడా చెప్పేశాడు. మా వైపు ఆవు తిరగపొర్లితే, అంటే దాటించాక చూడి నిలవక మళ్లీ ఎదకొస్తే, తప్పు ఆవుదే. ఆంబోతును ఒక్కరూ అనుమానించరు.

నాన్నకు తెలిసిన పశువైద్యుడు ఒకాయన ఉన్నారు, ఉద్యోగ విరమణ చేసినవారు. ఆయన ఆవును తాకకుండానే తేదీలు అడిగారు. అమ్మ పాల లెక్క రాసే క్యాలెండరులో ఎద వచ్చిన రోజుల చుట్టూ సున్నాలు చుట్టి పెట్టింది. వాటిని చూసి, "21 రోజులకు పొర్లితే కట్టలేదనుకోవచ్చు. 66 రోజులకు పొర్లిందంటే చూడి కట్టి, పిండం లోపలే పోయి ఉండవచ్చు. ఏ ఆంబోతుతో దాటించారు?" అన్నారు.

తీగలు వేస్తోంది కదా, ఇప్పుడే పరీక్షకు తీసుకోండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆంబోతు నుంచి అంటిందని ఆయన అనుమానించిన జీవి యోనిలో ఎక్కువగా దొరికేది ఎదకు ముందు కొద్ది రోజుల్లోనట. ఆ ఎద నుంచి సరిగ్గా 17వ రోజున వచ్చి, ఉప్పునీటితో కడిగి సీసాలో పట్టారు. అది చల్లబడకుండా చొక్కా లోపల పెట్టుకుని, బండి మీద ఒంగోలు పరుగెత్తాను. సూక్ష్మదర్శినిలో నాకూ చూపించారు: బొంగరం ఆకారంలో, ముందు మూడు కొరడాలు, వెనుక ఒకటి, వణుకుతూ తిరుగుతున్నాయి. అదే ఆ పరాన్నజీవి, పూర్తి పేరు ట్రైట్రైకోమోనాస్ ఫీటస్.

మందు రాయరేమిటని నాన్న గొడవపడ్డారు. ఆవుకు మందు అక్కర్లేదు, మూడు నెలలు దాటించకుండా ఉంచండి అన్నారాయన. ఎద వచ్చినప్పుడు గర్భాశయ ముఖద్వారం తెరుచుకుంటుంది, తెల్ల రక్తకణాలు చేరతాయి, జిగురు బయటికి పోతుంది. అలా నాలుగైదు ఎదలు గడిస్తే చాలా ఆవులు వాటంతట అవే శుభ్రపడతాయి. గర్భసంచిలో చీము పట్టి ఎదే రాకుండా పోయిన ఆవుకు ఆ అవకాశం ఉండదు, దానికి వైద్యం చేయించాల్సిందే. బాగుపడిన ఆవుకైనా రక్షణ ఎక్కువ కాలం నిలవదు, మళ్లీ అదే ఆంబోతు దగ్గరికి తోలితే మళ్లీ అంటుకుంటుంది.

ఆంబోతుకు ఎదా లేదు, శుభ్రపడటమూ లేదు. వయసు పెరిగే కొద్దీ దాని అంగం మీది తొడుగు చర్మంలో ముడతలు లోతవుతాయి, ఈ జీవి అక్కడే కాపురం పెడుతుంది. పైకి ఒక్క లక్షణమూ కనిపించదు. మూపురం చూసి మురిసిపోతాం. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతిని నెల్లూరు పేరుతో పిలుస్తారని గొప్పలు చెప్పుకునే వాళ్లు ఊళ్లో ఆంబోతుకు ఒక్క పరీక్ష చేయించరు. వీర్యం నిల్వచేసే కేంద్రాల్లో కోడెలకు ఈ పరీక్ష ఉంటుంది, ఆ వీర్యంతో ఊళ్లో గోపాలమిత్ర వేసే కృత్రిమ గర్భధారణ సూదిని మాత్రం మావాళ్లు నమ్మరు! నన్నడిగితే ఊళ్లో తిరగపొర్లే ఆవుల్లో సగం ఆంబోతు పుణ్యమే. లెక్క చూపమంటే చూపలేను, అయినా అంటాను.

నాలుగు నెలలు ఆగి సూది వేయించాం, చూడి కట్టింది, కోడెదూడ పుట్టింది. ఆంబోతును పరీక్షిద్దామంటే పెద్దలు దేవుడి సొత్తు అన్నారు. అది ఇప్పటికీ గుడి ముందు చింతచెట్టు కిందే పడుకుంటుంది. మా ఆవును ఆ దారిన తోలేటప్పుడు నాన్న కర్ర పట్టుకుని వెంట నడుస్తారు.