ఒక క్లబ్ సస్పెండ్ చేస్తే జాకీ మలక్‌పేటలో రైడ్ చేయొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్. మా తమ్ముడు జాకీ, రేసు గుర్రాల మీద స్వారీ చేస్తాడు. పోయిన వారం వేరే ఊళ్లో ఫేవరెట్ గుర్రం మీద రైడ్ చేసి నాలుగో స్థానంలో వచ్చాడు. గెలిపించే ప్రయత్నమే చేయలేదంటూ స్టీవార్డులు (రేసులను పర్యవేక్షించే క్లబ్ అధికారులు) నాలుగు నెలలు సస్పెండ్ చేశారు. ట్రైనర్ చెప్పినట్టే చేశానంటున్నాడు. తప్పు పట్టేదీ, శిక్ష వేసేదీ వాళ్లేనా? కోర్టుకు వెళ్లొచ్చా? ఈలోగా ఇక్కడి మలక్‌పేట రేస్‌కోర్సులో రైడ్ చేయొచ్చా?

జవాబు: మలక్‌పేట ఆలోచన మానుకోండి. ముంబై, కోల్‌కతా, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ రేసింగ్ సంస్థలు ఒకరు వేసిన సస్పెన్షన్‌ను మరొకరు అమలు చేస్తాయి. దాచిపెట్టి ఎక్కితే అది ఇంకో కేసు అవుతుంది.

కోర్టు కంటే ముందు అప్పీలు. దాని గడువు కొద్ది రోజులే ఉంటుంది, డిపాజిట్ కూడా కట్టాలి. క్లబ్ రూల్స్ పుస్తకం తెరిచి ఆ తేదీ ఇవాళే చూసుకోండి. అప్పీలుతో పాటే సస్పెన్షన్ నిలిపివేయమని విడిగా ఒక దరఖాస్తు ఇవ్వండి. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష దానంతటది ఆగిపోతుందని అనుకోవద్దు.

ఆరోపణ ఏమిటన్నది ఇక్కడ చాలా ముఖ్యం. పక్క గుర్రానికి అడ్డంపడితే అది నిర్లక్ష్యపు రైడింగ్. దానికి జరిమానాతోనో కొద్ది రోజుల సస్పెన్షన్‌తోనో బయటపడతారు. గుర్రాన్ని కావాలని పరిగెత్తించలేదంటే మాత్రం అది నిజాయతీ మీద మచ్చ. లైసెన్సే పోవచ్చు, రేస్‌కోర్సులో అడుగుపెట్టకుండా నిషేధం కూడా రావచ్చు. అందుకే వీడియో మీదే వాదన నిలబడాలి. చివరి రెండు ఫర్లాంగుల్లో మీవాడి చేతులు కదిలాయా, విప్ (కొరడా) ఎప్పుడు తీశాడు, ముందు దారి మూసుకుపోయిందా? పక్క కెమెరాలో కనపడనిది ఎదురు కెమెరాలో కనపడుతుంది. రెండూ అడగండి. రేసు తర్వాత గుర్రం కుంటిందనో, ముక్కు నుంచి రక్తం వచ్చిందనో వెటర్నరీ రిపోర్టు ఉంటే అంతకు మించిన సాక్ష్యం లేదు.

ట్రైనర్ చెప్పాడన్న మాట ఒక్కటే కాపాడదు. గుర్రాన్ని దాని సత్తా మేరకు పరిగెత్తించే బాధ్యత జాకీది కూడా. అయితే ట్రైనర్ వాంగ్మూలాన్ని మీవాడి పరోక్షంలో తీసుకుని, దానికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకపోతే అది మీకు బలమైన పాయింటు.

విచారించేదీ శిక్షించేదీ వాళ్లేనా అన్నారు. మొదటి ఎంక్వైరీ వరకు చట్టం దాన్ని తప్పుపట్టడం కష్టం. లైసెన్స్ తీసుకునేటప్పుడే ఆ రూల్స్‌కు ఒప్పుకుని ఉంటాడు. కానీ శిక్ష వేసినవాళ్లే అప్పీల్లోనూ కూర్చుంటే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఆ కాగితమే రేపు కోర్టులో పనికొస్తుంది.

ఇక కోర్టు. గుర్రం గెలిచేదా కాదా అన్నది జడ్జి తేల్చరు. ఒక ఫ్రీమేసన్ లాడ్జి (సభ్యుల సంఘం) తన సభ్యుణ్ణి బహిష్కరించడంపై టి.పి. దావర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: సంస్థ తన రూల్స్ పాటించిందా, సహజ న్యాయం జరిగిందా, దురుద్దేశం ఉందా, అంతే. హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే క్లబ్ ప్రభుత్వ సంస్థ కాదన్న వాదన మొదట ఎదురవుతుంది. క్రికెట్ బోర్డు మీద 2005లో వచ్చిన జీ టెలిఫిలిమ్స్ తీర్పు ప్రకారం, 'రాజ్యం' కాని సంస్థ మీదైనా అది ప్రజా విధి నిర్వహిస్తుంటే రాజ్యాంగం 226 అధికరణ కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. కానీ ఆ చర్చ తేలేసరికి నాలుగు నెలలూ అయిపోవచ్చు. నన్నడిగితే క్లబ్ ఉన్న ఊళ్లోనే సివిల్ దావా వేసి, మధ్యంతర ఇంజంక్షన్ (కేసు తేలేదాకా సస్పెన్షన్‌ను ఆపే ఉత్తర్వు) అడగడం మేలు.

ఈలోగా మీవాడు వాట్సాప్‌లో గానీ, యూట్యూబ్ ఛానళ్లలో గానీ ఒక్క మాట మాట్లాడకూడదు. గుర్రాన్ని కావాలని ఆపాడన్న మాట పోలీసుల దాకా వెళితే భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసు పెట్టే అవకాశముంది. ఆ రేసు మీద ఇంట్లో ఎవరైనా పందెం కట్టి ఉంటే ఆ సంగతి లాయరుకు మొదటి రోజే చెప్పండి.