85 డిగ్రీలు చూపిస్తే సెన్సార్ పాడైనట్టేనా?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రొయ్యల గుంటల్లో నీటి వేడి చూసుకోవడానికి డీఎస్18బీ20 సెన్సార్లు తెప్పించాం. గుంటలో దించేముందు ఒక్కోదాన్నీ ఆర్డ్వినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలించి మా తమ్ముడు రాసిన టెస్ట్ ప్రోగ్రామ్‌తో చూస్తున్నాం. కొన్ని పాస్, కొన్ని 85 డిగ్రీలు చూపించి ఫెయిల్. షాపువాళ్ళు మార్చి ఇచ్చినా అదే గోల. పైగా నిన్న ఫెయిలైంది ఇవాళ పాసవుతోంది. ప్రోగ్రామ్ కూడా పంపుతున్నాను. సరుకంతా తిరిగి పంపేయమంటారా?

జవాబు: పంపకండి. తప్పు మీ ప్రోగ్రామ్‌లో కనిపిస్తోంది.

ఈ చిప్‌కి కరెంటు ఇవ్వగానే దాని మెమరీలో ఉండే అంకె 85. అది ఏ నీటి వేడీ కాదు, ఇంకా కొలవలేదని అర్థం. కొలవమని చెప్పాక, అన్నిటికన్నా సూక్ష్మంగా కొలిచే 12 బిట్ల మోడ్‌లో 750 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు, ఆలోపు చదివితే పాత అంకే చేతికొస్తుంది. మామూలుగా లైబ్రరీ (సెన్సార్‌తో మాట్లాడే రెడీమేడ్ ప్రోగ్రామ్) అంతసేపూ తనే వేచి ఉంటుంది, కానీ మీ తమ్ముడు దాన్ని వేచి ఉండనివ్వకుండా సొంతంగా 600 మిల్లీసెకన్ల డిలే పెట్టాడు. 750 అనేది గరిష్ఠం, చాలా చిప్‌లు అంతకన్నా ముందే పని ముగిస్తాయి, అందుకే త్వరగా తేల్చేవి పాస్, కాస్త నిదానంగా ఉన్నవి ఫెయిల్, సరిగ్గా 600 అంచున ఉన్నవి ఒకరోజు అలా ఒకరోజు ఇలా. చూసేవాళ్ళకి సరుకే నాసిరకం అనిపించక ఏమవుతుంది! మీరు ప్రతి సెన్సార్‌కీ కొత్తగా కరెంటిచ్చి మొదటి రీడింగే తీసుకుంటున్నారు కాబట్టి ప్రతిసారీ ఆ 85 దగ్గరే పట్టుబడుతున్నారు.

ఇంకో ఆనవాలు కూడా ఉంది. సెన్సార్ పంపేది తొమ్మిది బైట్లు, చివరిది మిగతా ఎనిమిదింటిని సరిచూసుకోవడానికి. ఆ లెక్క సరిపోయి 85 వచ్చిందంటే వైరూ చిప్పూ బాగానే మాట్లాడుకుంటున్నట్టు. వైరు తెగితే మీ లైబ్రరీ -127 చూపిస్తుంది, 85 కాదు.

డిలే 1000 చేసి, ఫెయిలని పక్కన పెట్టినవన్నీ మళ్ళీ చూడండి. అప్పటికీ ఏదైనా 85 దగ్గరే ఉంటే కొలిచేటప్పుడు దానికి కరెంటు చాలడం లేదేమో, మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి, డేటా వైరుకీ ప్లస్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందో లేదో కూడా.

నకిలీ చిప్‌లు మార్కెట్లో చాలా ఉన్నాయి కాబట్టి పాసైనవాటినీ గుడ్డిగా నమ్మకండి. నలగ్గొట్టిన ఐసు గ్లాసు నిండా వేసి, కాసిని మంచినీళ్ళు పోసి, బాగా కలిపి సెన్సార్ ముంచండి. సున్నాకి అర డిగ్రీ అటూ ఇటూగా రావాలి. గుంట నీళ్ళు మాత్రం పోయకండి, ఉప్పుంటే ఐసు సున్నాకన్నా కిందికి పోతుంది. మీ ప్రోగ్రామ్ 20కీ 40కీ మధ్య లేనిదాన్ని ఫెయిల్ అంటోంది, ఈ పరీక్షప్పుడు ఆ హద్దు తీసేయాలి. చలికాలంలో నీళ్ళు చల్లబడి రొయ్య మేత తగ్గించినప్పుడు మీరు నమ్మాల్సింది ఈ అంకెనే, ఓపిగ్గా ఒక్కోదాన్నీ చూసుకోండి.

షాపాయనకీ ఒక ఫోన్ చేసి సంగతి చెప్పండి. మీరు వెనక్కిచ్చినవాటిని ఆయన ఇంకా పాడైన సరుకు కిందే పెట్టుకుని ఉంటాడు.