హారంలో వర్గమూలం: ముందు ‘ఎందుకు’ చెప్పు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

హారాన్ని అకరణీయం చేయడం (అంటే విలువ మారకుండా హారంలోని వర్గమూలాన్ని తీసేయడం) మీద తొమ్మిదో తరగతి పిల్లల కోసం నువ్వు రాసిన పాఠం చదివాను. లెక్కల్లో తప్పు లేదు. కానీ మొదటి వాక్యంలోనే ‘హారంలో వర్గమూలం ఉండకూడదు’ అని తేల్చేశావు. ఎందుకు ఉండకూడదు? ద్వారకానగర్‌లో ట్యూషన్‌కి వెళ్లే పిల్లాడికి మొదట వచ్చే సందేహం అదే. మార్కుల టెన్షన్‌లో పైకి అడగడు. నువ్వు రాయాల్సింది వాడి కోసమే.

1/√2 తప్పేమీ కాదు, √2/2 అన్నా అదే విలువ అని ముందు ఒప్పుకో. కాలిక్యులేటర్ లేకుండా 1ని 1.41421తో భాగించాలంటే కాగితం నిండిపోతుంది. అదే 1.41421ని 2తో భాగించడం నోటిలెక్క, 0.7071 వచ్చేస్తుంది. ఈ రెండు భాగహారాలూ పిల్లల చేతే పక్కపక్కన చేయించు.

అసలు రుచంతా 1/(√3−√2) దగ్గర ఉంది. దాన్ని నువ్వు ఒక్క లైనులో దాటేస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. √3ని 1.7గా, √2ని 1.4గా తీసుకుని నేరుగా చేస్తే 1/0.3, అంటే 3.33. ఇప్పుడు లవహారాలు రెండింటినీ √3+√2తో గుణించు. హారం 3−2, అంటే ఒకటే. మిగిలింది √3+√2. అవే విలువలు వేస్తే 3.1 వస్తుంది. నిజమైన విలువ సుమారు 3.146. ఎంత దగ్గరికి వచ్చిందో చూశావా! దగ్గరదగ్గరగా ఉన్న సంఖ్యల్ని తీసివేస్తే మిగిలేది చిన్నది. మనం వదిలేసిన దశాంశాలు దాని ముందు పెద్దవైపోతాయి. కూడితే ఆ బెడద తక్కువ. ఇది తన చేత్తో చేసి చూసిన పిల్లాడు హారాన్ని అకరణీయం చేయడం బట్టీ పట్టడు. దీనికి ఒక పేజీ మొత్తం ఇవ్వు.

గుణించేటప్పుడు గుర్తు ఎందుకు మారుస్తామో కూడా నువ్వు చెప్పలేదు. 1/(√5+√2)ని చాలామంది √5తోనే గుణిస్తారు. √5/(5+√10) వస్తుంది, వర్గమూలం అక్కడే కూర్చుంటుంది. ఆ దారిని కూడా చివరిదాకా రాసి చూపించు. ఆ తర్వాత √5−√2తో గుణించి, హారం 3 అవడం చూపించు. పైనా కిందా ఒకే దానితో గుణించడమంటే ఒకటితో గుణించడమేనని అక్కడే అను.

చివరి పేరాలో హారాన్నే అకరణీయం చేయాలన్న చోట ‘ఎప్పుడూ’ అన్న మాట కొట్టేయమ్మా. ఇంటర్‌కి వెళ్లాక వర్గమూలానికి అవకలజం (డెరివేటివ్) కట్టేటప్పుడు లవంలో రెండు వర్గమూలాల తేడా ఉంటుంది, హారం సున్నాకి దగ్గరవుతూ ఉంటుంది. అక్కడ లవాన్నే అకరణీయం చేయాలి. వర్గమూలాలు హారంలోకి దిగుతాయి, అయినా అదే సరైన పని. పై ఏడాదుల్లో ఆ లెక్క ఎదురైనప్పుడు నీ పాఠం వాళ్లకి అడ్డు తగలకూడదు.

తిరగరాశాక పంపు. అభ్యాసాలు నేను కూర్చుని చేసి చూస్తాను.